జెండాకు రూపమిచ్చిన పింగళి వెంకయ్య

జనవరి 26న, ఆగస్టు 15న మన పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల్లో ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గర, ప్రతి బడి ఆవరణలో మువ్వన్నెల జెండా ఎగురుతుంది. దానికి మూలమైన నమూనా గీసినవారు మన తెలుగువారేనని మీ పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా? ఆయనే పింగళి వెంకయ్యగారు.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యౌవనంలో సైన్యంలో చేరి బోయరు యుద్ధకాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడే గాంధీజీతో పరిచయమైంది. తిరిగి వచ్చాక జపాను భాష నేర్చుకుని జపాన్ వెంకయ్య అనిపించుకున్నారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అయ్యారు. వజ్రాల గనుల విషయం శోధించి డైమండ్ వెంకయ్య అయ్యారు. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు.

ఎన్ని పనులు చేసినా ఆయన మనసు ఒక్క విషయం చుట్టూ తిరిగేది. ఆ రోజుల్లో మన నాణేల మీద ఇంగ్లాండు రాజుగారి బొమ్మ ఉండేది. ప్రభుత్వ భవనాల మీద ఇంగ్లాండు జెండా ఎగిరేది. ఎవరి గుర్తు కింద తలవంచి నిలబడతామో వారి మనుషులమని ఒప్పుకున్నట్టే గదా! అందుకే ఆయన దేశదేశాల పతాకాలను పరిశీలించి, 1916లో 30 నమూనాలతో భారతదేశానికి జాతీయ పతాకం ఎలా ఉండవచ్చో ఒక పుస్తకం ప్రచురించారు. కాంగ్రెసు మహాసభలకు వెళ్లి పెద్దల ముందు ఆ మాట పెడుతూ వచ్చారు.

1921లో బెజవాడలో కాంగ్రెసు కమిటీ సమావేశమైంది. జెండా మీద రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ అంతకుముందే సూచించారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నంతో ఒక నమూనా కావాలని గాంధీజీ కోరగా, వెంకయ్యగారు మూడు గంటల్లో గీసి ఇచ్చారు. ఆ రెండు రంగులు హిందువులకు, ముస్లిములకు గుర్తులు. మరి మిగిలిన మతాలవారి సంగతేమిటని ఆలోచించి గాంధీజీ తెలుపు చేర్పించారు. మనవంటి కొద్దిమందికి కూడా చోటు ఉండాలనే ఆ తెలుపు వచ్చిందని గుర్తుంచుకోండి.

1931లో కాంగ్రెసు వారు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులను స్థిరపరచి, అవి మతాలకు గుర్తులు కావని స్పష్టం చేశారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో సారనాథ్ అశోక స్తంభం నుండి తీసుకున్న 24 ఆకుల చక్రాన్ని ఉంచింది. అదే స్తంభం మీది సింహాలు 1950 జనవరి 26 నుండి మన రాజచిహ్నమయ్యాయి. ఇలా జెండా ఒక్కరి చేతిలో పూర్తి కాలేదు. తాను గీసినదాన్ని పదిమంది మార్చుతుంటే, ఇది నాది అని వెంకయ్యగారు పట్టుబట్టలేదు.

ఇటువంటి జీవితమే సముద్రాల అవతల మరొకరిది. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న అర్జెంటీనాలో మాన్యుయెల్ బెల్గ్రానో అనే న్యాయవాది సేనాని అయ్యాడు. 1812 ఫిబ్రవరి 27న రొసారియోలో నదీతీరాన నీలం, తెలుపు రంగుల జెండా ఎగరేశాడు. తొందరపడ్డావని పై అధికారులే మందలించారు. మరుసటి ఏడాది కొత్త సభ అవే రంగులతో రాజముద్ర వేయించుకుంది. అందులో కలిసిన రెండు చేతులు, పైన ఉదయించే సూర్యుడు ఉంటాయి. యుద్ధంలో గెలిచినందుకు ఇచ్చిన 40,000 పెసోలను ఆయన నాలుగు బడులు కట్టడానికి ఇచ్చేశాడు. 1820 జూన్ 20న చనిపోయేనాటికి వైద్యునికి ఇవ్వడానికి గడియారం తప్ప ఏమీ మిగలలేదు. ఆ రోజే ఇప్పుడు అక్కడ జెండా పండుగ.

వెంకయ్యగారి చివరి రోజులు కూడా విజయవాడలో పేదరికంలోనే గడిచాయి. 1963 జూలై 4న ఆయన కన్నుమూశారు. తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది 2009లో, అంటే 46 ఏళ్ల తర్వాత.

ప్రియ పాఠకులారా, మన ప్రాంతంలో తయారయ్యే మందుపెట్టె మీద, యంత్రం మీద కంపెనీ గుర్తు ఉంటుంది. దాన్ని చేసిన కార్మికుని పేరు ఉండదు. మీలో చాలామంది ఆ పేరులేని చేతులవారే. కష్టపడినవారు బ్రతికి ఉండగానే వారి బాగోగులు చూడటం మన ధర్మం. పోయాక బొమ్మ వేసినంత మాత్రాన ఆ బాకీ తీరదు. మీ వీధిలో పని మానేసి ఒంటరిగా ఉన్న ముసలి కార్మికుడు ఎవరైనా ఉంటే, వచ్చే జెండా పండుగకు ముందే ఒకసారి ఆయన గడప తొక్కండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లండి. వెంకయ్యగారి కథ వారికి అప్పుడు చెప్పండి.