మగ్గానికి ఉస్తాదులను పిలిపించిన బడ్‌షా

కాశ్మీర్ శాలువా పేరు వినని ఇల్లు మన సమాజంలో ఉండదు. పెళ్ళిలో దూల్హా భుజం మీద, జల్సాలో ఆలిం గారి సన్మానంలో, ఇంట్లో పెద్దవారి పెట్టె అడుగున అది కనబడుతుంది. చలికాలం రాగానే మూట భుజాన వేసుకొని హైదరాబాదు గల్లీల్లో తిరిగే కాశ్మీరీ వర్తకులను మనం చూస్తూనే ఉన్నాం. అయితే ఆ లోయలో ఈ హస్తకళలు వేళ్ళూనుకోవడానికి కారకుడైన సుల్తాను ఎవరో మన పిల్లలకు తెలియదు. అక్బర్ పేరు చెబుతారు, ఔరంగజేబు పేరు చెబుతారు. వారిద్దరికీ చాలా ముందే 50 సంవత్సరాలపాటు కాశ్మీరును పాలించిన సుల్తాన్ జైనులాబిదీన్ పేరు పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంతో ముగిసిపోతుంది. కాశ్మీరీలు మాత్రం ఆయనను నేటికీ బడ్‌షా అంటారు. గొప్ప రాజు అని అర్థం.

ఆయన అసలు పేరు షాహీ ఖాన్. షామీరీ వంశానికి చెందిన సుల్తాన్ సికందర్ కుమారుడు. సికందర్ 1413లో మరణించగా పెద్ద కుమారుడు అలీ షా గద్దెనెక్కాడు. కొన్నాళ్ళకు అలీ షాకు హజ్ చేయాలన్న కోరిక కలిగి, రాజ్యాన్ని తమ్ముడికి అప్పగించి బయలుదేరాడు. దారిలో మామ అయిన జమ్మూ రాజు మందలించడంతో మనసు మార్చుకొని సైన్యంతో వెనక్కి వచ్చాడు. తమ్ముడు తప్పుకున్నాడు. తరువాత ఖోఖర్ నాయకుడు జస్రత్ సహాయంతో అన్నను ఓడించి 1420లో జైనులాబిదీన్ అన్న బిరుదుతో సుల్తాను అయ్యాడు. రాజ్యం చేతికి వచ్చిన తీరు ఇది. ఇందులో ఆ కాలపు ఇతర రాజుల కథలకు భిన్నమైనది ఏమీ లేదు. భిన్నమైనదంతా ఆ తరువాత జరిగింది.

బాల్యంలో ఆయన సమర్‌ఖండ్‌లో తైమూర్ దర్బారులో కొంతకాలం ఉన్నారనీ, అక్కడి కార్ఖానాలు చూసి మోజుపడ్డారనీ కాశ్మీరులో ఒక కథనం ఉంది. తైమూర్ 1405లో చనిపోయాడు. అప్పటికి షాహీ ఖాన్ పదేళ్ళ బాలుడు. ఆ వయసు పిల్లవాడు మగ్గాల లోతులు తెలుసుకొని వచ్చాడంటే మేము అంత సులభంగా నమ్మము. కానీ రాజయ్యాక ఆయన చూపు సమర్‌ఖండ్, బుఖారా, ఖురాసాన్‌ల వైపే ఉన్నదన్నది చరిత్రకారులు చెప్పిన మాట. అక్కడినుండి పనివారిని రప్పించారు. వచ్చినవారికి ఇళ్ళు, భూములు ఇచ్చి నిలుపుకున్నారు. రప్పించడంతో సరిపెట్టలేదు. కాగితం తయారీ, పుస్తకాల జిల్దు కట్టడం నేర్చుకు రమ్మని ఇద్దరిని తన ఖర్చుతో సమర్‌ఖండ్‌కు పంపారు. వారు పని నేర్చుకొని తిరిగివచ్చి ఇక్కడివారికి నేర్పారు. ఆ తరువాత చాలా కాలం కాశ్మీరీ కాగితానికి హిందూస్థాన్‌లో మంచి గిరాకీ ఉండేది.

ఈ పద్ధతిలో ఒక రహస్యం ఉంది. వస్తువు కావాలంటే రాజులు కొనుక్కుంటారు. పనితనం కావాలంటే పనివాడిని తెచ్చుకుంటారు. ఆ పనివాడు చనిపోతే పని కూడా పోతుంది. జైనులాబిదీన్ మాత్రం ఉస్తాద్ పక్కన షాగిర్దును కూర్చోబెట్టారు. ఆయన మరణించిన 70 ఏళ్ళ తరువాత కాశ్మీరును ఏలిన మీర్జా హైదర్ దుగ్లాత్ మధ్య ఆసియా నుండి వచ్చినవాడు. అక్కడి పనితనం ఎరిగినవాడు. రాతి చెక్కడం, గాజు సామాను, కిటికీల జాలీ పని, బంగారు రేకులు కొట్టడం వంటివి మావరా ఉన్నహర్ అంతటా చూస్తే సమర్‌ఖండ్, బుఖారాలలో తప్ప దొరకవనీ, కాశ్మీరులో మాత్రం విరివిగా ఉన్నాయనీ, అదంతా జైనులాబిదీన్ చలవేననీ తన గ్రంథంలో రాశాడు. పరాయి రాజు ఇచ్చిన సాక్ష్యం కనుక దీనికి విలువ ఎక్కువ.

ఇక నేత సంగతి. ఆయన దర్బారులో శ్రీవరుడు అనే సంస్కృత పండితుడు ఉండేవాడు. దూరదేశాల నేతపరికరాలు తెచ్చుకొని కాశ్మీరీలు పట్టుబట్టలు నేయడం నేర్చారనీ, అంతవరకు బయటినుండి వచ్చే మేలురకం ఉన్నిబట్టను తామే నేయసాగారనీ, దానిమీది తీగెలు, లతలు చూసి చిత్రకారులే నివ్వెరపోయారనీ ఆయన తన రాజతరంగిణిలో వర్ణించాడు. శాలువా పరిశ్రమకు ఆద్యుడు హజ్రత్ మీర్ సయ్యద్ అలీ హమదానీ (రహ్మ) అని మరికొందరు అంటారు. ఆ మహనీయుడు 14వ శతాబ్దంలో ఇరాన్ నుండి కాశ్మీరుకు వచ్చి ధర్మప్రచారం చేశారు. టోపీలు అల్లి ఆ సంపాదనతో జీవించేవారని ప్రతీతి. మా దృష్టిలో ఈ రెండు మాటలకు పేచీ లేదు. పని పట్ల గౌరవం ఒకరు తెచ్చారు, ఆ పనికి కార్ఖానా మరొకరు కట్టారు.

ఈ శాలువాకు కావలసిన ఉన్ని గొర్రెది కాదు. లడాఖ్‌లోని చాంగ్‌థాంగ్‌లోనూ, టిబెట్‌లోనూ సుమారు 14,000 అడుగుల ఎత్తులో మేసే మేకల ఒంటిమీద చలికి మొలిచే లోపలి బొచ్చు. దాన్ని పష్మ్ అంటారు. వసంతంలో దువ్వెనతో దువ్వి తీస్తారు. మన తల వెంట్రుకలో ఐదోవంతు మందం కూడా ఉండదు. కనుక దాన్ని యంత్రానికి ఇస్తే తెగిపోతుంది. కాశ్మీరులో ఆడవారు ముందుగా దానిలోని ముతక వెంట్రుకలు ఏరి, బియ్యప్పిండి చల్లి, పిండి జిడ్డునూ దుమ్మునూ లాగేవరకు చేత్తో రుద్ది దులుపుతారు. తరువాత యెందర్ అనే రాట్నం మీద వడుకుతారు. ఎడమచేతి వేళ్ళ మధ్య పష్మ్ ఎంత వదలాలో, కుడిచేత్తో చక్రం ఎంత వేగంగా తిప్పాలో పుస్తకం చెప్పదు. తల్లి పక్కన కూర్చొని కూతురు నేర్వాలి. చేతిలో మరో ఆధారం లేని వితంతువులు ఎందరో ఈ రాట్నం మీదనే పిల్లలను పెంచారు. భిక్షకు చేయిచాచకుండా నలుగురి నోళ్ళు నింపిన రాట్నం అది.

వడికిన నూలు రంగ్‌రేజ్ దగ్గరకు వెళుతుంది. నీలిమందు, లక్క, కిర్మిజ్ అనే పురుగునుండి తీసే ఎరుపు, ఇలా ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క కాగు. పష్మ్ సున్నితమైనది కాబట్టి నీటి కాక ఏమాత్రం మీరినా పాడవుతుంది.

నేతలో అన్నిటికంటె కష్టమైనది కానీ శాలువా. అందులో నాడె ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తదు. ఒక్కొక్క రంగు నూలును ఒక్కొక్క సన్నని కర్ర కండెకు చుట్టుకొని, పువ్వు ఎక్కడ రావాలో అక్కడే పడుగు పోగుల మధ్య దూర్చి తిప్పుతారు. ఒక్క వరుసకే వందల కండెలు పడతాయి. బట్ట తిరగేసి ఉంటుంది కనుక నేతగాడు తాను నేస్తున్న పువ్వు ముఖం చూడడు! మరి ఎలా నేస్తాడు? నక్కాష్ గీసిన బొమ్మను చూసి, ఎన్ని పోగులకు ఏ రంగు అన్నది గుర్తుల్లో రాసిన కాగితం ఒకటి ఉంటుంది. దాని పేరు తాలీమ్. మనం మదరసాలో చదువుకు వాడే మాటే అది. ఒకరు తాలీమ్ చదువుతూ ఉంటే మగ్గం మీద ఉన్నవారు వింటూ కండెలు తిప్పుతారు. నిండా పువ్వులున్న శాలువాకు ఏళ్ళు పడుతుంది. ఈ తాలీమ్ లిపి ఏ రోజున పుట్టిందో చెప్పే తారీఖు ఏదీ లేదు. కానీ ఉస్తాద్-షాగిర్ద్‌ల ఆ సిల్సిలాకు నీడ ఇచ్చింది బడ్‌షా కాలమే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు సాగలేము. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో దూది ఏకడం వృత్తిగా బతికిన ముస్లిం కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. దూదేకులవారని, నూర్‌బాషాలని, పింజారీలని పిలుస్తారు. వింటి తాడుతో దూది ఏకి, ఊరందరికీ పరుపులు, బొంతలు కుట్టి ఇచ్చినవారు వీరు. వారిని మస్జిదులో పక్కన నిలబెట్టుకొని నమాజు చేసే మనమే, నిస్బత్ మాటలు వచ్చేసరికి వారి వృత్తి పేరు ఎత్తి మొహం తిప్పుకుంటాం. అల్లాహ్ ప్రవక్త దావూద్ (అలైహి) రాజై ఉండి కూడా ఇనుముతో కవచాలు అల్లి, స్వహస్తాలతో సంపాదించినది తినేవారని మింబర్ల మీద చెబుతాం. మెట్లు దిగాక మరచిపోతాం. సయ్యదుల, పఠాన్ల శజరాలు అడిగే మన పెద్దలు, బడ్‌షా భూమి ఇచ్చి కూర్చోబెట్టుకున్నది శజరాలను కాదు చేతులను అన్న సంగతి గమనించాలి.

పాలకుడిగా ఆయన ఇతర గుణాలూ ఈ కోవలోనివే. సొంత ఖర్చులకు ఖజానా ముట్టకుండా ఒక రాగి గని ఆదాయంతో సరిపెట్టుకునేవారట. శాసనాలను రాగిరేకుల మీద చెక్కించి పట్టణాల్లో పెట్టించారు. దొంగలను చంపించే బదులు సంకెళ్ళు వేసి నిర్మాణపు పనులకు పంపేవారు. కాలువలు తవ్వించారు. శ్రీనగర్‌లో జీలం నది మీద జైనా కదల్ అనే కర్ర వంతెన కట్టించారు.

తండ్రి సికందర్ కాలంలో పండితులకు కష్టాలు వచ్చాయి. ఆలయాలు దెబ్బతిన్నాయి. చాలామంది లోయ విడిచిపోయారు. ఇది దాచవలసిన విషయం కాదు. జైనులాబిదీన్‌కు ఒకసారి విషపు కురుపు లేచి ప్రాణం మీదికి వచ్చింది. శ్రీభట్టు అనే వైద్యుడు నయం చేశాడు. బహుమానం కోరుకోమంటే తనకంటూ ఏమీ అడగక, తనవారి కష్టాలు తీర్చమని అడిగాడు. సుల్తాను వెళ్ళిపోయినవారిని తిరిగి పిలిపించారు, జిజియా భారం తీసివేశారు, గుళ్ళు బాగుచేసుకోనిచ్చారు. మహాభారతాన్నీ, రాజతరంగిణినీ ఫార్సీలోకి రాయించారు. ఆయన సేనలు లడాఖ్ వైపు వెళ్ళినపుడు ఒక బంగారు బుద్ధ విగ్రహాన్ని తన సైనికుల చేతినుండి ఆయనే కాపాడారని జోనరాజు రాశాడు. ఇవి ఇస్లాంకు విరుద్ధమని గొణిగినవారు అప్పుడూ ఉన్నారు. ఐదుపూటలా నమాజు, రమజాను ఉపవాసాలు విడువని సుల్తానుకు వారి సర్టిఫికెట్టు అవసరం పడలేదు.

ఇంత నేర్పిన ఆయనకు ఇంటిలోని షాగిర్దులు దొరకలేదు. ఆదం ఖాన్, హాజీ ఖాన్, బహ్రాం ఖాన్ అనే ముగ్గురు కొడుకులు తండ్రి బతికుండగానే గద్దె కోసం కొట్టుకున్నారు. హాజీ ఖాన్ ఒకసారి, ఆదం ఖాన్ ఒకసారి తండ్రి మీదికే సైన్యం తెచ్చారు. 1460లో పంట పాడై ఘోరమైన కరువు. ముసలితనంలో ఆయన ఎవరినీ వారసుడిగా ప్రకటించడానికి ఇష్టపడలేదు. 1470లో కన్నుమూశారు. హైదర్ షా పేరుతో గద్దెనెక్కిన హాజీ ఖాన్ మద్యానికి బానిసై రెండేళ్ళకే పోయాడు. కొడుకులు నిలపలేని వారసత్వాన్ని మగ్గం మీదివారు నిలిపారు.

1586లో అక్బర్ కాశ్మీరును కలుపుకున్నాక శాలువా కీర్తి మొగల్ దర్బారుకు, అక్కడినుండి ఇరాన్‌కు, యూరప్‌కు పాకింది. కీర్తి వెంట పన్ను వచ్చింది. అఫ్ఘాన్ల కాలంలో దాగ్-షాల్ అనే మహకమా పుట్టింది. ముద్ర లేని శాలువా అమ్మడానికి వీలులేదు, ముద్రకు సుంకం కట్టాలి. సిక్కుల, డోగ్రాల పాలనలోనూ ఆ భారం తగ్గలేదు. అప్పులో కూరుకుపోయిన నేతగాడు కార్ఖానా విడిచి పోవడానికీ వీలులేదు. 1846లో ఆంగ్లేయులు 75 లక్షల రూపాయలకు కాశ్మీరును గులాబ్ సింగ్‌కు అప్పగించిన అమృత్‌సర్ ఒడంబడికలో, ఏటా చెల్లించే నజరానాలో మూడు జతల శాలువాలు కూడా ఉన్నాయి. 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్‌లోని జాల్‌డగర్ వద్ద షాల్‌బాఫులు పన్ను తగ్గించమని ఊరేగింపు తీశారు. సిపాయిలు మీదపడ్డారు. ఎందరో కాలువలో పడి మునిగిపోయారు. 28 మంది ప్రాణాలు పోయాయని లెక్క చెబుతారు. 1870లో ఫ్రాన్సు యుద్ధంలో చిక్కుకోవడంతో గిరాకీ పడిపోయింది. 1877 నుండి వచ్చిన కరువు మిగిలినవారిని తుడిచిపెట్టింది. బతికినవారిలో కొందరు అమృత్‌సర్, లూధియానాలకు వలసపోయారు.

అయినా పని చావలేదు. కానీహామా గ్రామంలో కానీ మగ్గాలు మళ్ళీ ఆడాయి. 2021లో యునెస్కో శ్రీనగర్‌ను హస్తకళల సృజన నగరాల జాబితాలో చేర్చింది. జైనా కదల్ దగ్గర, జీలం ఒడ్డున, బడ్‌షా తన తల్లికోసం కట్టించిన ఇటుక గుంబద్ ఈనాటికీ ఉంది. సుల్తాను సమాధి ఆ గుంబద్ లోపల లేదు. పక్కనే మజారె సలాతీన్‌లో, తండ్రి సికందర్ దగ్గర, ఆకాశం కింద ఉంది.