ఊరికో రైఫైజన్ కావాలన్న నికల్సన్

మన తిరుమణి, పావగడ పల్లెల్లో సొసైటీ అంటే అప్పిచ్చే ఆఫీసు అనుకుంటాం. నిజానికి అది అందులో వాటా ఉన్న సభ్యుల సొత్తు. ఈ సంగతిని మన దేశంలో తొలినాళ్లలో విడమరిచి చెప్పినవారు ఫ్రెడరిక్ నికల్సన్.

ఆయన 1846లో పుట్టారు. 1869లో ఐ.సి.ఎస్. అధికారిగా మద్రాసు ప్రెసిడెన్సీలో చేరారు. అప్పట్లో మన పావగడ మైసూరు సంస్థానంలోది. చుట్టూ ఉన్న అనంతపురం సీమ మద్రాసుది. 1876-78 నాటి ధాత కరువు రెండింటినీ కుదిపేసింది. వాన పడకపోతే రైతుకు షావుకారు గడపే దిక్కు. తండ్రి రాసిచ్చిన పత్రానికి కొడుకు వడ్డీ కట్టేవాడు.

రైతులకు బ్యాంకులు పెట్టడం వీలవుతుందా అని పరిశీలించే పనిని 1892లో మద్రాసు ప్రభుత్వం నికల్సన్‌కు అప్పగించింది. ఆయన యూరప్ బ్యాంకులనూ, మన మద్రాసు నిధులనూ లోతుగా చదివారు. జర్మనీ మేయరు రైఫైజన్ పద్ధతి ఆయనకు నచ్చింది. దాతల సొమ్ముతో మొదలుపెట్టిన సహాయ సంఘాలు నిలబడవని గ్రహించిన రైఫైజన్, 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో సభ్యులే నడుపుకునే పరపతి సంఘం పెట్టాడు. ఒక ఊరివాళ్లే సభ్యులు. మిగులు సంఘం నిధికే. బాకీకి అందరూ పూచీ. కాబట్టి ఎవరికి, ఎందుకు అప్పిస్తున్నామో అందరూ గమనిస్తారు.

ఒక లెక్క వేద్దాం. యాభై ఇళ్లవాళ్లు నెలకు 100 రూపాయలు దాస్తే ఏడాదికి 60,000. అందులోంచి అప్పు తీసుకున్నవారు కట్టే వడ్డీ తిరిగి ఆ యాభై ఇళ్లదే.

1895, 1897లో వచ్చిన నివేదికలో నికల్సన్ తేల్చింది ఇదే: డబ్బు కంటే ముందు ఊరికో రైఫైజన్ కావాలి. మద్రాసు ప్రభుత్వం వెంటనే కదలలేదు. 1901లో వేసిన ఎడ్వర్డ్ లా కమిటీలో ఆయనా సభ్యులు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఆ ఏడే చెంగల్పట్టు జిల్లా తిరూర్‌లో, 1905లో గదగ్ దగ్గర కణగినహాళలో సంఘాలు వెలిశాయి. తర్వాత ఆయన మద్రాసు మత్స్యశాఖను తీర్చిదిద్ది, 1936లో కూనూరులో కన్నుమూశారు.

కాలక్రమంలో సంఘాలపై ప్రభుత్వ పెత్తనం పెరిగింది. సభ్యులు ఇది మనది కాదనుకున్నారు. ఆ స్వేచ్ఛను తిరిగి ఇవ్వడానికే ఆంధ్రప్రదేశ్‌లో 1995లో, కర్ణాటకలో 1997లో కొత్త చట్టాలు చేశారు. సౌహార్ద సహకారి అనే బోర్డులు ఆ రెండో చట్టం వల్లనే.

సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన మన ఇళ్లకు ఏటా కౌలు డబ్బు వస్తోంది. అందులో కొంత ఏ సంఘంలోనైనా దాచుకుంటే, అక్కడి లెక్కలు చదవాల్సిందీ మనమే. పిల్లలూ, మీ ఇంట్లో ఎవరికి ఏ సంఘంలో వాటా ఉందో, ఈ ఏడు మహాసభకు వెళ్లారో లేదో అడగండి.