మోదుగు పూల రసాయన నిర్మాణాన్ని తేల్చిన ఆచార్య శేషాద్రి

కామారెడ్డి, ఎల్లారెడ్డి అటవీ ప్రాంతాలలో మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి మోదుగు చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఆకులతో విస్తర్లు కుట్టడం, పూలను మరిగించి హోలీ రంగు తీయడం ఈ ప్రాంత ప్రజలకు తరతరాలుగా తెలిసినదే. ఆయుర్వేదంలో దీనికి పలాశమని పేరు. ఈ పూలలో ఉన్న పదార్థాల స్వరూపాన్ని రసాయన శాస్త్రపరంగా నిర్ధారించిన వారిలో అగ్రగణ్యులు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులుగా పనిచేసిన డాక్టర్ టి.ఆర్. శేషాద్రి.

తిరువేంగడం రాజేంద్రం శేషాద్రి 1900 ఫిబ్రవరి 3న తమిళనాడులోని కుళిత్తలైలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, 1927లో ఇంగ్లాండు వెళ్లి, ఆచార్య రాబర్ట్ రాబిన్సన్ పర్యవేక్షణలో 1929లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయ డాక్టరేట్ పొందారు. ఆస్ట్రియాలో నోబెల్ గ్రహీత ఫ్రిట్జ్ ప్రెగెల్ వద్ద సూక్ష్మ విశ్లేషణ పద్ధతులు నేర్చుకున్నారు. బుట్టెడు పూల నుంచి చిటికెడు పదార్థం మాత్రమే లభించే మొక్కల పరిశోధనలో ఈ విద్య ఎంతో అవసరమైనది.

స్వదేశానికి వచ్చిన తరువాత కొంతకాలం కోయంబత్తూరులో పనిచేసి, డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకులపతిగా ఉన్న రోజులలో వాల్తేరు చేరుకున్నారు. రసాయన శాస్త్ర శాఖకు నాయకత్వం వహిస్తూ, పరిశోధనకు దూరదేశపు సామగ్రిని ఎంచుకోక పత్తి పూలు, కానుగ గింజలు, మోదుగు పూలు వంటి స్థానిక వనరులనే స్వీకరించారు. ఎండిన పూల నుంచి ద్రావకంతో సారం తీయడం, దానిని స్ఫటికీకరించడం, ఆమ్లంతో చక్కెర భాగాన్ని వేరుచేసి మిగిలిన అణువు నిర్మాణాన్ని పరిశీలించడం ఆనాటి విధానం. ఈ విధంగా పి. సూర్యప్రకాశరావుతో కలిసి మోదుగు పూలలోని బ్యూట్రిన్ అనే గ్లూకోసైడ్ నిర్మాణాన్ని నిర్ధారించి 1941లో ప్రకటించారు. ఒక మొక్క పనిచేస్తుందని చెప్పడం వేరు, అందులో పనిచేసేది ఏదో చూపడం వేరు. శేషాద్రి కృషి ఈ రెండవ కోవకు చెందినది.

1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను విమానాలు బాంబులు వేసిన దరిమిలా విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. సదుపాయాలు కొరవడినా పరిశోధన ఆగలేదు.

1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1963లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. అక్కడ కూడా మోదుగును విడిచిపెట్టలేదు. ఆ పూల గ్లూకోసైడ్లపై 1970లోనూ సహచరులతో కలిసి పత్రం వెలువరించారు. 1975 సెప్టెంబర్ 27న కన్నుమూశారు.

ఆయన మరణించిన పదకొండేళ్లకు, 1986లో, జర్మనీకి చెందిన వాగ్నర్, జపానుకు చెందిన హికినో తదితర శాస్త్రవేత్తలు బ్యూట్రిన్‌కు, దానికి సన్నిహితమైన ఐసోబ్యూట్రిన్‌కు కాలేయ కణాలను విషపదార్థాల నుంచి కాపాడే గుణమున్నట్లు ప్రకటించారు. ఇది ప్రయోగశాలలో పెంచిన ఎలుక కాలేయ కణాలపై లభించిన ఫలితమే తప్ప రోగులపై నిరూపితమైన చికిత్స కాదు. అయితే వారు పరీక్షించిన బ్యూట్రిన్ నిర్మాణం 45 ఏళ్ల క్రితమే వాల్తేరులో తేలినదే.