పియేర్ ఫొషార్

మన రాయలసీమలో రాగిసంకటి మ్రింగుటకు పళ్ళు అక్కఱలేదు. జొన్నరొట్టెకును, వేయించిన శనగలకును మాత్రము పళ్ళు కావలెను. మైదుకూరు చుట్టుపట్ల పల్లెలలో పళ్ళూడిన ముదుసలులు రొట్టెను మజ్జిగలో నానవేసికొని తినుట మీరు చూచియే యుందురు. స్తోమతు కలవారు కట్టుడుపళ్ళు పెట్టించుకొందురు. ఆ పళ్ళను నిజముగనే దారముతోను, బంగారు తీగెతోను నోటిలో కట్టిన కాలమొకటి యుండెను. ఆ కాలమున ఈ పనిని శాస్త్రముగ దిద్దినవాడు ఫ్రాన్సు దేశీయుడగు పియేర్ ఫొషార్.

ఆయన 1678 ప్రాంతమున పశ్చిమ ఫ్రాన్సులో జన్మించెను. పదునైదేండ్ల ప్రాయముననే రాజుగారి నౌకాదళమున చేరి, పొతెలెరె అను శస్త్రవైద్యుని శిష్యుడయ్యెను. ఆనాటి ఓడలలో నెలల తరబడి పచ్చికూర గాని, పండు గాని దొరకెడిది కాదు. ఎండురొట్టెయు, ఉప్పుమాంసమును తిని నావికులు స్కర్వీ వ్యాధి పాలగుచుండిరి. చిగుళ్ళు వాచి, నెత్తురు కారి, పుచ్చని పళ్ళు కూడ వదులై రాలిపోవుచుండెను. సి విటమిను లోపమే ఇందుకు హేతువని నేడు మనకు తెలియును, వారికి తెలియదు. పొతెలెరె నోటి వ్యాధులయందు మంచి అనుభవము గడించినవాడు. ఇట్టి గురువును, ఇందరు రోగులును ఒక్కచోట దొరకుట ఆ బాలునకు పాఠశాల యైనది.

నౌకాదళమును విడిచిన పిమ్మట ఆంజే నగరమున పెక్కేండ్లు వైద్యము చేసి, 1719 నాటికి ఆయన పారిస్ చేరెను. మన కడపలో నేడు ప్రభుత్వ దంతవైద్య కళాశాల యున్నది. ఆనాడు పారిస్ మహానగరమున గూడ అట్టిది లేదు. ప్రపంచమున ఎచ్చటను లేదు. 1699లో వెలువడిన రాజశాసనము ననుసరించి పళ్ళ వైద్యులు పరీక్ష నీయవలసి యున్నను, వీధులలో పళ్ళు పెరుకువారికి కొదువ లేదు. సేన్ నదిపైనున్న పోంనెఫ్ వంతెన వారికి సంతబయలు వంటిది. అచ్చటి మోసమొకదానిని ఫొషార్ తన గ్రంథమున బయటపెట్టెను. గుంపులో నుండి ఒకడు పంటినొప్పి అని మూల్గుచు ముందునకు వచ్చును. వాడు వైద్యుని మనిషియే. కోడినెత్తురు నింపిన పలుచని తోలులో చుట్టిన పన్నొకటి వైద్యుని చేతిలో ముందే దాగియుండును. నోటిలో చేయి పెట్టి తీయుటతోడనే పన్నును, నెత్తురును కనబడును. నొప్పి యన్నది యుండదు. అది చూచి అమాయకులు నోళ్ళు తెరచుచుండిరి.

రోగిని నేలపై కూర్చుండబెట్టి, తలను మోకాళ్ళ నడుమ బిగించి పన్ను పెరుకుట ఆనాటి వాడుక. ఫొషార్ దానిని నిరసించి, వెలుతురు పడుచోట చేతుల కుర్చీలో రోగిని కూర్చుండబెట్టెను. పంటిని పురుగు తినునను నమ్మకము మనకును క్రొత్త కాదు. పురుగు రాలునని వాకుడుగింజల పొగ పట్టించుట మన పల్లెలలోను కలదు. ఫొషార్ పుచ్చిన పళ్ళను సూక్ష్మదర్శినితో పరిశీలించెను. పురుగు కనబడలేదు. తీపి పదార్థములు పళ్ళకు హాని చేయునని ఆయన హెచ్చరించెను.

ఊడిన పంటికి మారుపన్ను నిలుపుటలో ఆయన నేర్పు గొప్పది. నీటియేనుగు కోరతోనో, ఎద్దు ఎముకతోనో పన్ను చెక్కి, ప్రక్క పళ్ళకు బిగించి కట్టుచుండెను. అన్ని పళ్ళును ఊడినవారి విషయము కష్టము. క్రింది వరుస తన బరువుచేతనే నిలుచును. పై వరుస జారిపడును. అందుకై ఆయన రెండు వరుసలను ఉక్కు స్ప్రింగులతో కలిపెను. నోరు తెరచినను స్ప్రింగు పై వరుసను చిగురునకు అదిమి పట్టియుండును. నోరు మూయుటకు మాత్రము పాపము బలము ప్రయోగింపవలసి వచ్చెడిది! పైభాగము విరిగి వేరు మిగిలిన పంటిని పెరుకక, వేరులోని కాలువను శుభ్రపఱచి, అందు లోహపు మేకును దించి, జిగురుతో బిగించి, దానిపై పన్ను నిలుపుట ఆయన చూపిన మరియొక మార్గము. నాకు ఆయన పనులన్నిటిలో ఇదియే మిన్నగ తోచును. వేరు కూడ లేనిచోట ఏమి చేయవలెనను ప్రశ్నకు సరియైన జవాబు రెండు శతాబ్దములకు పైబడిన తరువాత లభించినది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియము పరికరము ఎముకతో కలిసిపోయి ఊడిరాలేదు. 1965లో ఆయన ఒక మనుష్యుని దవడలో ఆ లోహపు మరలనే నాటి పళ్ళు నిలిపెను.

ఈ ఉపాయములను ఇతర వైద్యులు తమ బిడ్డలకు దక్క అన్యులకు చెప్పెడివారు కారు. అవి వారి అన్నము. ఫొషార్‌కును అదే వృత్తి, అదే పోటీ. అయినను ఆయన పరికరముల కొలతలతో, పటములతో తన విద్యనంతయు గ్రంథస్థము చేసెను. 1723 నాటికే వ్రాతప్రతి సిద్ధమైనను తొందరపడక, పెక్కుమంది వైద్యులకు చూపి, వారి అభిప్రాయములు గైకొని, 1728లో రెండు సంపుటములుగ ప్రకటించెను. ‘దంత శస్త్రవైద్యుడు’ అని దాని పేరు. 1733లోనే జర్మను అనువాదము వెలువడెను.

అందులో చెప్పినవన్నియు నేడు నిలుచునవి కావు. పంటినొప్పికి స్వమూత్రముతో పుక్కిలింపుమని కూడ ఆయన వ్రాసెను. నవ్వవలదు, నాటి ఔషధములు అట్టివి. ఒకరి పన్ను తీసి వేరొకరి నోటిలో నాటుటను ఆయన వర్ణించినాడు. ఆ శతాబ్దమున ధనికులకై పేదలు తమ పళ్ళను అమ్ముకొనుట యుండెను. అట్టి పళ్ళు చిరకాలము నిలువకపోగా, వ్యాధులు కూడ వెంటవచ్చుచుండెను. ఆ పద్ధతి పోవుటయే మేలైనది.

1746లో గ్రంథమును పెంచి మరల అచ్చు వేయించి, ఫొషార్ 1761 మార్చిలో పారిస్‌లో మరణించెను. ఆ రెండవ ముద్రణను 1946లో లిలియన్ లిండ్సే ఆంగ్లీకరించెను. స్త్రీ యను కారణమున ఆమెను లండను దంతవైద్యశాల చేర్చుకొనలేదు. ఆమె ఎడింబరోలో చదివి, 1895లో బ్రిటనున దంతవైద్యపు యోగ్యతాపత్రము పొందిన మొదటి మహిళ యయ్యెను.