గ్రంథాలయమునకు వచ్చిన గాజుగొట్టము: బెంజమిన్ ఫ్రాంక్లిన్ చరిత్రము

గ్రంథాలయమునకు పుస్తకములు వచ్చుట సహజము. పుస్తకములతోపాటు ఒక గాజుగొట్టము వచ్చి, దాని మూలమున పిడుగు రహస్యమే బయటపడుట మాత్రము అరుదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఆ వృత్తాంతమునకు చోటుండుట తగునని తలచి, ఫ్రాంక్లిన్ జీవితమున ఆ భాగమునే విస్తరించి వ్రాయుచున్నాను. ఆయన రాజకీయ చరిత్రమును వ్రాసినవారు చాలమంది కలరు.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17 వ తేదీన అమెరికాలోని బోస్టను పట్టణమున జన్మించెను. తండ్రి కొవ్వువత్తులు, సబ్బు చేసి అమ్ముకొని జీవించువాడు. పదునేడుగురు సంతానము. అందుచేత బాలుని బడిచదువు రెండేండ్లతోనే ముగిసెను. పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమున పనికి కుదిరి, పగలు అక్షరములు కూర్చుచు, రాత్రులు ఎరువు తెచ్చిన పుస్తకములు చదివెడివాడు. అన్నతో పొసగక 1723 లో చెప్పకుండ ఇల్లు వీడి ఫిలడెల్ఫియా చేరెను. కొన్నియేండ్లకు అచట సొంత అచ్చుకూటము పెట్టి, పత్రిక నడపి, ఏటేట పంచాంగము వెలువరించి, ధనము గడించెను.

అచట చదువరులైన మిత్రులకు పుస్తకములు కొను స్తోమత వేరువేరుగా లేకుండెను. అందరును కలిసి కొనినచో ప్రతివానికి అన్ని పుస్తకములును దక్కునని ఫ్రాంక్లిన్ ఆలోచించి 1731 లో చందాదారుల గ్రంథాలయమును స్థాపించెను. ఏబదిమంది సభ్యులు తొలుత నలుబది షిల్లింగులు, పిదప ఏటికి పది షిల్లింగులు చెల్లించుట నిబంధన. చందాల వసూలులోని కష్టమును మన కార్యదర్శులకు నేను చెప్పనక్కరలేదు. లండనునుండి పుస్తకములు తెప్పించుటకు పీటర్ కాలిన్సన్ అను బట్టల వర్తకుడు ప్రతిఫలము కోరక అనేక సంవత్సరములు తోడ్పడెను. ఆయన రాయల్ సొసైటీ సభ్యుడు కూడ. 1745 ప్రాంతమున ఆ సజ్జనుడు గ్రంథాలయమునకు ఒక గాజుగొట్టమును, దానిని వాడు విధము తెలుపు వివరమును పంపెను.

ఆ గొట్టమును రుద్దినచో కాగితపు ముక్కలను ఆకర్షించును. వ్రేలు దగ్గరకు తెచ్చిన చిటుక్కుమని నిప్పురవ్వ వెడలును. దానిని చూచుటకు ఫ్రాంక్లిన్ ఇల్లు జనముతో నిండిపోయెడిది. ఈ తాకిడి ఒక్కడు భరింపలేక, ఊరి గాజుల కొలిమిలో అట్టి గొట్టములనే చేయించి మిత్రులకు పంచిపెట్టెను. వెండిపనివాడగు ఫిలిప్ సింగ్, చేతితో రుద్దు శ్రమ తప్పించుటకై, సానరాయివలె పిడిపట్టి త్రిప్పు గాజుగోళపు యంత్రము నిర్మించెను. కిన్నర్స్లీ అను మిత్రుడు ఊరూర ప్రదర్శనలిచ్చుటే వృత్తిగా చేసికొనెను. వీరిలో ఎవరును పండితులు కారు. ఫ్రాంక్లిన్ 1748 లో వ్యాపారభారము భాగస్వామికి ఒప్పగించి, తీరిక సంపాదించి, ఈ వినోదముననే మునిగెను.

అప్పటికి ఐరోపాలో లేడెన్ జాడీ వెలువడియుండెను. గాజుజాడీకి లోపలను వెలుపలను లోహపు రేకు తొడిగి, లోపలి రేకునకు విద్యుత్తు నెక్కించినచో అది అందు నిలిచియుండును. రెండు రేకులను ఒకేసారి తాకినవానికి అదంతయు ఒక్కదెబ్బగా తగులును. స్విచ్చి ఆర్పిన పిమ్మటను కండెన్సరు కొట్టునని రేడియో బాగుచేయువారెరుగుదురు గదా. దానికి మూలపురుషుడు ఈ జాడీయే. రుద్దిన గాజునుండి వెడలు చిన్న రవ్వలో సైతము వేలకొలది వోల్టులుండును. అయినను మనకేమియు కాదు, పరిమాణము అల్పము గనుక. తాటిచెట్టుకొన నుండి ఒక చుక్క పడిన తల పగులదు. చెరువుకట్ట తెగినచో ఊరే పోవును. జాడీలను వరుసగా కలిపి పెట్టుట కట్టను పెంచుటయే. ఒక రేకున ఎంత పెరుగునో రెండవదాన అంతయే తరుగునని ఫ్రాంక్లిన్ గ్రహించి, ఆ రెంటికిని ధనము, ఋణము అను పేర్లు పెట్టెను. నేటికిని అవే వాడుచున్నాము.

ఇక ఆయన చేసిన తప్పు. చిన్నదెబ్బకు పక్షి మూర్ఛిల్లి మరల లేచుటయు, పెద్దదెబ్బకు చచ్చుటయు ఆ మిత్రులు కనిపెట్టిరి. కొన్ని దేశములందు రక్షకభటులు మనుష్యుని క్షణకాలము నిశ్చేష్టుని చేయుటకు వాడు విద్యుదాయుధములకు ఈ పరీక్షలు దూరపు బంధువులు. 1750 డిసెంబరు 23 వ తేదీన ఒక టర్కీకోడిని ఇట్లు చంపవలెనని ఫ్రాంక్లిన్ రెండు పెద్ద జాడీలను నింపెను. వానిలో నలుబది మామూలు సీసాల విద్యుత్తు పట్టును. చుట్టునున్నవారు మాటలాడుచుండ ఆయన పరాకుపడెను. వెలుపలి రేకులకు తగిలించిన గొలుసు ఒక చేతనుండగా, రెండవచేత పైతీగలను తాకెను. పెద్ద మెరుపు మెరసినదనియు, పిస్తోలు ప్రేలినట్లు చప్పుడైనదనియు చూచినవారు చెప్పిరి. ఆయనకు మాత్రము ఏదియు కనబడలేదు, వినబడలేదు. దేహమంతయు తల నుండి కాలివరకు వడవడ వణకెను. గొలుసు పట్టిన చేయి నెత్తురు లేనట్లు పాలిపోయెను. చేతులును మెడవెనుకయు మరునాటి ఉదయమువరకు మొద్దుబారియుండెను. రొమ్ము ఎముక దెబ్బతగిలినట్లు నొచ్చెను. కోడికి ఏమియు కాలేదు!

రెండు దినములకు ఆయన ఈ సంగతి నంతయు బోస్టనునకు వ్రాసి పంపెను. ఇట్టి పరీక్షలు చేయు ఒక మిత్రునకు హెచ్చరికగా తెలుపవచ్చుననియు, తనకు సిగ్గగుచున్నది గనుక ఇతరులకు చాటవలదనియు కోరెను. సిగ్గుపడి దాచుకొనువారు అనేకులు. సిగ్గుపడియు, మరియొకడు చావకుండుటకై చెప్పిన వాడీయన. నాకు గాలిపటము కథకంటె ఈ యుత్తరమే గొప్పదిగా తోచును.

గాలిపటము సంగతి అందరెరిగినదే గనుక క్లుప్తముగా చెప్పెదను. మొనదేలిన లోహము విద్యుత్తును దూరమునుండియే లాగునని తెలిసికొని, మేఘములందును ఇదియే కలదా యని పరీక్షించు మార్గము ఆయన ప్రకటించెను. 1752 మే 10 వ తేదీన ఫ్రాన్సు దేశీయులు పారిస్ సమీపమున ఎత్తైన ఇనుపకడ్డీతో దానిని రుజువు చేసిరి. ఆ వార్త అందకమునుపే, జూనులో, ఫ్రాంక్లిన్ కుమారునితో కూడి పట్టుగుడ్డ గాలిపటము ఎగురవేసి, దారమునకు కట్టిన తాళపుచెవినుండి రవ్వలు రాబట్టెను. బొమ్మలలో చూపినట్లు పిడుగు పటముపై పడలేదు. పడియుండిన ఆయన మిగులడు. 1753 ఆగస్టులో సెంట్ పీటర్స్‌బర్గున రిచ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి పరీక్షయందే ఉరుముల వేళ కడ్డీ దాపున నిలిచి మరణించెను. పిడుగుకడ్డీపై ఫ్రాంక్లిన్ హక్కు కోరక, దానిని నిలుపు విధమును 1753 పంచాంగమున అచ్చొత్తి అందరికిని తెలిపెను.

తరువాతి జీవితము దేశచరిత్రలో కలిసినది. 1776 స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసెను. ఫ్రాన్సులో రాయబారి యయ్యెను. 1787 రాజ్యాంగసభలో కూర్చుండెను. తానును బానిసలను ఉంచుకొన్నవాడే. వార్ధక్యమున ఆ దురాచారము మాన్పు సంఘమునకు అధ్యక్షుడై, 1790 లో శాసనసభకు అర్జీ పంపెను. ఆ సంవత్సరమే ఏప్రిలు 17 వ తేదీన ఎనుబదినాలుగవ యేట గతించెను.

మసాచుసెట్సులో 1778 లో ఒక గ్రామము ఆయన పేరు పెట్టుకొని, తమ ప్రార్థనామందిరమునకు గంట నిప్పింపుమని అడిగెను. ఆయన గంటకు మారుగా 116 సంపుటముల పుస్తకములు పంపెను. వానిని ఎవరికీయవలెనని గ్రామస్థులు కొంతకాలము వాదులాడి, 1790 లో ఊరివారందరికిని ఉచితముగా ఇచ్చుటకు తీర్మానించిరి.