ఇద్దరు బిడ్డల తండ్రి, సైన్యానికి పెద్దదిక్కు
(ఫీల్డ్ మార్షల్ కరియప్ప జీవిత స్మరణ)

మన బడిలో ఎన్.సి.సి. ఖాకీ బట్టలు వేసుకుని, బూట్లకు పాలిష్ పెట్టి, ఎండలో కవాతు చేసినవాళ్లు ఈ సంచిక చదివేవారిలో చాలామందే ఉంటారు. జనవరి 15 సైనిక దినోత్సవమని అప్పట్లో అందరం బట్టీపట్టాం. ఆ తేదీ వెనుక ఉన్న మనిషి గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ.

కొదండెర మాదప్ప కరియప్ప 1899 జనవరి 28న కొడగు ప్రాంతంలోని శనివారసంతెలో పుట్టారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఇంట్లో అందరూ ఆయన్ని ముద్దుగా చిమ్మా అని పిలిచేవారు. మడికెరిలో హైస్కూలు చదువు ముగించి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో భారతీయులను కూడా అధికారులుగా తీసుకోవడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకుంది. ఇండోర్‌లోని డేలీ కాలేజీలో శిక్షణ పొంది, 1919లో అధికారి హోదా అందుకున్న తొలి బృందంలో కరియప్ప ఒకరు.

అక్కడి నుంచి దాదాపు అడుగడుగునా ఆయన తొలి భారతీయుడే. 1933లో క్వెట్టా స్టాఫ్ కాలేజీకి వెళ్లిన తొలి భారతీయ అధికారి ఆయన. 1942లో ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించిన తొలి భారతీయుడూ ఆయనే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇరాక్, సిరియా, ఇరాన్‌లలో పనిచేశారు. బర్మా సరిహద్దులోనూ పనిచేశారు. పేరు పలకడం కష్టమై ఒక బ్రిటిష్ అధికారి భార్య ఆయన్ని కిప్పర్ అని పిలిచిందట. ఆ పేరు తోటి అధికారుల నోట జీవితాంతం నిలిచిపోయింది.

ఆయన కుటుంబ జీవితానికి మన సికింద్రాబాద్‌తో ముడి ఉంది. 1937లో ముత్తు మాచియాతో ఆయన పెళ్లి అక్కడే జరిగింది. మరుసటి ఏడాది కొడుకు నంద, 1943లో కూతురు నళిని పుట్టారు. ఆ కాపురం ఎక్కువకాలం నిలవలేదు. 1945లో భార్యాభర్తలు విడిపోయారు. తర్వాత కొన్నేళ్లకే ఆమె ప్రమాదంలో చనిపోయారు. బిడ్డల బరువు ఆయన మీదే పడింది. అప్పటికే ఆయన భుజాల మీద ఉన్న బరువు ఇంకొకటి. దేశ విభజనతో సైన్యాన్ని రెండుగా పంచే పని, ఆ వెంటనే కశ్మీర్ యుద్ధం. పశ్చిమ విభాగం అధిపతిగా ఆయన ఉన్నప్పుడే మన సైన్యం జోజిలా, ద్రాస్, కార్గిల్‌లను తిరిగి దక్కించుకుంది.

1949 జనవరి 15న జనరల్ రాయ్ బుచర్ నుంచి ఆయన సైన్యాధిపతి బాధ్యతలు స్వీకరించారు. ఆ పదవిలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయనే. ఆ రోజుకు ఇంట్లో పదకొండేళ్ల కొడుకు, ఇంకా ఆరేళ్లు నిండని కూతురు ఉన్నారు.

తండ్రిగా ఆయన గారాబం చేసే రకం కాదు. ఒకసారి బడికి వెళ్లే వాహనం రాకపోతే, సహాయాధికారి నందను సర్కారు కారులో దిగబెట్టాడు. ఆ సంగతి తెలిసి కరియప్ప మండిపడ్డారు. ఆ ప్రయాణం ఖర్చు లెక్కకట్టించి తన జీతం నుంచి మినహాయించమన్నారు. ఆ కొడుకే పెద్దయ్యాక ఈ విషయం చెప్పుకున్నారు. ఆ మాటల్లో తండ్రి మీద నిష్ఠూరం లేదు.

1953లో పదవీ విరమణ చేసి, మూడేళ్లు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మన హైకమిషనర్‌గా పనిచేశారు. తర్వాత మడికెరిలోని రోషనారా అనే తన ఇంట్లో స్థిరపడ్డారు. విశ్రాంతి తీసుకోలేదు. ఉద్యోగం అయిపోయిన సిపాయి ఊరికి వెళ్లి ఎలా బతుకుతాడన్నది ఆయన దిగులు. 1964లో మాజీ సైనికుల సంఘం ఏర్పడటానికి ఆయనే ముందు నిలిచారు.

మరుసటి సంవత్సరమే ఆయనకు అసలు పరీక్ష ఎదురైంది. నంద అప్పటికి వైమానిక దళంలో పైలట్. 1965 యుద్ధం ముగిసే వేళ, సెప్టెంబరు 22న, ఆయన విమానం కూలింది. పాకిస్తాన్ సైన్యానికి బందీగా చిక్కారు. పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ విభజనకు ముందు కరియప్ప దగ్గర పనిచేసిన అధికారి. పాత గౌరవంతో, కుర్రవాడు క్షేమమని కబురు చేసి, కావాలంటే విడిచిపెడతామన్నారు. అప్పటికి కరియప్పకు అరవై ఆరేళ్లు. ఆయన అవునంటే చాలు, బిడ్డ ఇల్లు చేరేవాడు. ఆయన ఒప్పుకోలేదు. అక్కడున్న ఖైదీలందరూ తన బిడ్డలేననీ, అందరినీ సమానంగా చూడమనీ, తన కొడుక్కి వేరే మర్యాద అక్కర్లేదనీ జవాబు పంపారు. 1966 ఆరంభంలో మిగతా బందీలతో పాటే నంద తిరిగి వచ్చారు. తర్వాత ఎయిర్ మార్షల్ హోదాలో రిటైరయ్యారు. తండ్రి జీవిత చరిత్ర రాసిందీ ఆ కొడుకే.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఆయన గుండె రాయి అన్నట్టు చెబుతారు. నాకలా అనిపించదు. తల్లి లేని బిడ్డను దగ్గరుండి పెంచిన తండ్రికి ఆ నాలుగు నెలలు ఎలా గడిచి ఉంటాయో బిడ్డలున్న మనందరికీ తెలుసు. తన బిడ్డ మీద ప్రేమ ఉంది కనుకే మిగతా ఖైదీల తల్లిదండ్రుల బాధ ఆయనకు తెలిసింది.

1986లో, ఎనభై ఏడేళ్ల వయసులో, ప్రభుత్వం ఆయనకు ఫీల్డ్ మార్షల్ గౌరవం ఇచ్చింది. మన సైన్యంలో ఆ హోదా మానెక్‌షాకు, ఆయనకు తప్ప మరెవరికీ దక్కలేదు. 1993 మే 15న బెంగళూరులో, తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. మడికెరిలో జరిగిన అంత్యక్రియలకు మానెక్‌షా, త్రివిధ దళాధిపతులు వచ్చారు. కొడుకు చితికి నిప్పు పెట్టారు.

మన బడి నుంచి సైన్యానికి వెళ్లినవాళ్లు ఉన్నారు. వాళ్లను పంపి ఇంటి దగ్గర ఎదురుచూసిన అమ్మానాన్నలూ ఉన్నారు. ఈ స్వర్ణోత్సవ వేళ ఆ పెద్దాయనతో పాటు వాళ్లందరికీ మన నమస్కారం.