నీటిరంగులు నిలిపిన లోయ – థామస్ మోరన్

కళ వలన లోకానికి ఒనగూడే ప్రయోజనమేమిటని విద్యార్థులు మమ్ములను తరచు ప్రశ్నిస్తుంటారు. సమాధానంగా అమెరికా చిత్రకారుడు థామస్ మోరన్ జీవితాన్ని ఇచట పరిచయం చేయదలచాము.

మోరన్ 1837 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో చేనేత కుటుంబంలో జన్మించారు. మరమగ్గాలు చేతిమగ్గాల వారి జీవనోపాధిని హరించగా, 1844లో ఆ కుటుంబం అమెరికాకు వలసవెళ్ళి ఫిలడెల్ఫియా ప్రాంతంలో స్థిరపడింది. మోరన్ కౌమారంలోనే కొయ్యదిమ్మెలపై బొమ్మలు చెక్కే సంస్థలో పనికి కుదిరారు. తీరిక వేళల నీటిరంగులను సాధన చేశారు. ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ కృతులను అధ్యయనం చేయడానికి లండను కూడ వెళ్ళివచ్చారు.

1871లో ఒక పత్రికకై ఎల్లోస్టోన్ ప్రాంతపు బొమ్మలను తిరిగి గీయవలసిన పని ఆయనకు లభించింది. తాము చూడని చోటును చిత్రించవలసి రావడం ఆయనలో ఉత్కంఠను రేపింది. అప్పు తెచ్చుకొని, ఆ వేసవిలోనే ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వాన సాగిన ప్రభుత్వ పరిశోధక బృందంతో కలిశారు. గుర్రపుస్వారీ ఎరుగని ఆ సుకుమారుడు జీనుపై దిండు వేసుకొని కొండదారులు దాటారు.

ఆ ప్రాంతపు వేడినీటి బుగ్గలను గూర్చి వేటగాండ్రు చెప్పిన మాటలను పలువురు కట్టుకథలుగా కొట్టివేసేవారు. విలియం జాక్సన్ ఛాయాచిత్రాలు వాటి ఉనికిని రుజువు చేశాయి. కాని వాటిలో రంగులు లేవు. పసుపుపచ్చని శిలలను, నీలి నీటిగుండాలను కన్నులకు కట్టించినవి మోరన్ నీటిరంగుల చిత్రాలే. శాసనసభ్యుల ఎదుట ప్రదర్శింపబడి, చట్టం రావడానికి అవి ఎంతో తోడ్పడ్డాయి. 1872 మార్చి 1న అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో ఇరవై లక్షల ఎకరాలకు పైబడిన ఆ నేల జాతీయ వనమయింది. ఆ ఏడే మోరన్ వేసిన ఎల్లోస్టోన్ మహాలోయ తైలవర్ణ చిత్రాన్ని అమెరికా కాంగ్రెసు 10,000 డాలర్లకు కొన్నది.

అయితే ఒక సత్యాన్ని మరువరాదు. తరతరాలుగా అచట సంచరించిన షోషోనీ మున్నగు ఆదివాసుల హక్కులను ఆ చట్టం లెక్కింపలేదు. కాలక్రమాన వారు వెలుపలికి నెట్టబడ్డారు. యంత్రం వలన నిలువనీడ కోల్పోయిన కుటుంబపు బిడ్డ చిత్రాలు ఒక లోయను కాపాడాయి. ఆ లోయ మనుషులను మాత్రం ఎవరూ కాపాడలేదు.

1926 ఆగస్టు 25న సాంటా బార్బరాలో మోరన్ కన్నుమూశారు. టీటన్ పర్వతాలలోని ఒక శిఖరం నేటికీ ఆయన పేరుతో వెలుగొందుతున్నది. కళకు ఎంతటి బలమున్నదో, ఆ బలం చేరని చోటు ఎక్కడ మిగిలిందో, రెండింటినీ విద్యార్థులు ఈ జీవితంలో గ్రహింతురు గాక!